రేడియోధార్మిక పదార్థాల భద్రత: విశాఖవాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో రేడియేషన్ మాట ఎత్తగానే చాలామందికి గుర్తొచ్చేవి నౌకాదళం సబ్‌మెరైన్లు, అచ్యుతాపురం వైపు బార్క్ (భాభా అణు పరిశోధనా కేంద్రం) ప్రాంగణం, శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో కడతామంటున్న అణు విద్యుత్ కేంద్రం. వాటి మీద ప్రశ్నలు రావడం సహజమే. కానీ రోజూ మన మధ్య, మన లారీల్లో, మన ఆసుపత్రుల్లో తిరిగే రేడియోధార్మిక పదార్థాలు వేరే ఉన్నాయి. అవి వేలెడంత ఉక్కు గొట్టాల్లో ఉంటాయి. వాటిని ఎవరు కాపాడాలి, ఏ చట్టం కింద, ఏ దేశంతో ఏ ఒప్పందం ప్రకారం అన్న విషయం మీద పోర్టులో పనిచేసేవాళ్లు, పాత ఇనుము వ్యాపారులు, ఆక్వా రైతులు, విద్యార్థులు అడుగుతున్న ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

రేడియోధార్మిక పదార్థం అంటే అణుబాంబు సరుకేనా?

రెండూ వేరు. అణు ఇంధనానికి, ఆయుధాలకు పనికొచ్చే యురేనియం, ప్లుటోనియం, థోరియం వంటివి ఒక వర్గం. వాటి మీద లెక్కలు గ్రాముల్లో ఉంటాయి, తనిఖీలు దేశాధినేతల స్థాయి ఒప్పందాల మీద నడుస్తాయి. 1994లో కజకస్తాన్‌లో సోవియట్ కాలం నుంచి మిగిలిపోయిన దాదాపు 600 కిలోల అధిక శుద్ధి యురేనియాన్ని ఆ దేశంతో రహస్యంగా మాట్లాడుకుని అమెరికా విమానాల్లో తరలించుకుపోయింది. ఈ వర్గానికి సంబంధించిన దౌత్యం అలా ఉంటుంది.

రెండోది వైద్యంలో, పరిశ్రమల్లో వాడే సోర్సులు, అంటే రేడియేషన్ కోసం గొట్టంలో మూసి పెట్టిన పదార్థాలు. కోబాల్ట్-60, సీసియం-137, ఇరిడియం-192 ఇందులో ముఖ్యమైనవి. వీటితో అణుబాంబు తయారు కాదు. కానీ సీసం కవచం లోంచి బయటపడితే దగ్గరున్న మనిషి ప్రాణం తీయగలవు. అంతర్జాతీయ అణు ఇంధన సంస్థ వీటిని ప్రమాద తీవ్రతను బట్టి 1 నుంచి 5 వరకు వర్గాలుగా విడదీసింది. క్యాన్సర్ చికిత్సకు వాడే కోబాల్ట్ యంత్రంలోని సోర్స్ ఒకటో వర్గం. కవచం లేకుండా దాని పక్కన కొన్ని నిమిషాల నుంచి గంట వరకు ఉంటే చాలు, బతకడం కష్టం. ఈ పేజీలో ఎక్కువగా ఈ రెండో రకం గురించే మాట్లాడుకుందాం. ప్రపంచంలో చాలాచోట్ల మామూలు మనుషుల ప్రాణాలు తీసింది ఇవే.

విశాఖలో వీటితో ఏం పని?

పని చాలా ఉంది. ఓడ కట్టినా, పైపులైన్ వేసినా, రిఫైనరీలో ట్యాంకు బిగించినా వెల్డింగ్ లోపల పగులు ఉందో లేదో చూడాలి. దానికి ఇరిడియం సోర్సుతో 'ఎక్స్‌రే' తీస్తారు. ఉక్కు తయారీలో, సిమెంటులో, పెట్రోలియంలో మూసి ఉన్న పాత్ర లోపల సరుకు ఏ మట్టానికి వచ్చిందో తెలుసుకోవడానికి గేజిలు వాడతారు. వాటిలో సీసియం గానీ కోబాల్ట్ గానీ ఉంటుంది. కృష్ణా-గోదావరి బేసిన్‌లో చమురు బావులు తవ్వేవాళ్లు భూమి పొరలు చదవడానికి ఇంకో రకం సోర్సులు దింపుతారు. క్యాన్సర్ వైద్యంలో వీటి వాడకం అందరికీ తెలిసిందే.

ఏ ఆసుపత్రిలో, ఏ ఫ్యాక్టరీలో ఏముందో జాబితా ఎందుకు పెట్టరు?

పెట్టకూడదు కాబట్టి. ఏ గదిలో ఎంత శక్తి ఉన్న సోర్స్ ఉందో చెప్పే జాబితా దొంగకే ఎక్కువ ఉపయోగం. అందుకే అన్ని దేశాల విధానాల్లోనూ ఈ సమాచారం నియంత్రణ సంస్థ దగ్గర, అవసరమైన పోలీసు అధికారుల దగ్గర మాత్రమే ఉంటుంది.

2020 మే 7న వెంకటాపురంలో స్టైరిన్ ఆవిరి కమ్ముకున్న తర్వాత 'మా పక్కన ఏముందో మాకు చెప్పాలి' అని ఈ ఊరి జనం గట్టిగా అడగడం మొదలుపెట్టారు. ఆ అడగడంలో పూర్తి న్యాయం ఉంది. రసాయనాల విషయంలో ఆ హక్కు పూర్తిగా దక్కాలి. సోర్సుల విషయంలో మాత్రం చిరునామా బయటపెట్టకుండానే మిగతావి బయటపెట్టొచ్చు: తనిఖీ ఎన్నిసార్లు జరిగింది, ఎన్ని లోపాలు దొరికాయి, ఎన్ని పాత సోర్సులు తిరిగి వెళ్లాయి. జిల్లాల వారీగా ఈ అంకెలు జనం ముందుకు రావాలని మేం కోరుకుంటున్నాం.

మన ఆసుపత్రిలో ఉన్న సోర్సును మనం చూసుకోవాలి. మధ్యలో దౌత్యం ఎందుకు?

సోర్స్ ఒక దేశంలో పుడుతుంది, ఇంకో దేశంలో పనిచేస్తుంది, పొరపాటున తుక్కులో కలిస్తే మూడో దేశంలో బయటపడుతుంది. ఈ మూడు చోట్లా దాని యజమాని పేరు కాగితం మీద ఉండాలంటే ఆ మూడు ప్రభుత్వాలూ ముందే మాట్లాడుకుని ఉండాలి.

1983 చివర్లో మెక్సికోలోని హువారెస్ నగరంలో మూలన పడిన కోబాల్ట్ యంత్రాన్ని ఎవరో తుక్కుకి అమ్మేశారు. అది కరిగి ఇనుప కడ్డీలయింది, టేబుళ్ల కాళ్లయింది. ఆ సరుకు సరిహద్దు దాటి అమెరికాలోకి కూడా వెళ్లిపోయింది. 1984 జనవరిలో ఆ కడ్డీల లారీ ఒకటి దారి తప్పి లాస్ అలమోస్ అణు పరిశోధనాకేంద్రం వైపు వెళ్లింది. అక్కడి డిటెక్టర్ మోగితేనే సంగతి బయటపడింది. లారీ దారి తప్పకపోతే ఎన్ని ఇళ్ల స్లాబుల్లో ఆ ఇనుము ఉండిపోయేదో!

మన దేశం పేరు కూడా ఇలా వినపడింది. 2008లో ఫ్రాన్స్‌లో లిఫ్టు బటన్లలో కోబాల్ట్-60 కనపడింది. ఆ ఉక్కు ఇండియా నుంచి వెళ్లినదే. ఎక్కడో ఒక సోర్స్ ఎవరికీ తెలియకుండా కొలిమిలో పడింది, అంతే. ఇలాంటప్పుడు రెండు దేశాల నియంత్రణ సంస్థల మధ్య ఫోన్ నంబర్లు, నమ్మకం, సమాచారం ఇచ్చిపుచ్చుకునే పద్ధతి లేకపోతే ముందు నష్టపోయేది ఎగుమతిదారు. దాని వెంటే అక్కడి కూలీలు.

ఢిల్లీ మాయాపురిలో జరిగింది ఏమిటి? ఇన్నేళ్ల తర్వాత కూడా దాని గురించి ఎందుకు చెప్పుకుంటున్నారు?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర విభాగం కోసం 1960ల చివర్లో కెనడా నుంచి ఒక గామా సెల్, అంటే ప్రయోగాలకు గామా కిరణాలు ఇచ్చే యంత్రం, కొన్నారు. అందులో కోబాల్ట్-60 పెన్సిళ్లు ఉన్నాయి. 1985 తర్వాత దాన్ని ఎవరూ వాడలేదు. వాడిన అధ్యాపకులు రిటైరయ్యారు. 2010 ఫిబ్రవరిలో పాత సామానంతా వేలం వేసినప్పుడు అది కూడా వెళ్లిపోయింది. మాయాపురి తుక్కు బజారులో దాన్ని విప్పారు. లోపల మెరిసే ముక్కలు కనిపించాయి. ఒకాయన ఒక ముక్కను పర్సులో పెట్టుకుని తిరిగాడు. చర్మం నల్లబడటం, జుట్టు రాలడం, వాంతులు మొదలయ్యాక ఆసుపత్రికి వెళ్తే ఏప్రిల్‌లో డాక్టర్లకు అనుమానం వచ్చింది. ఏడుగురు ఆసుపత్రి పాలయ్యారు, వారిలో ఒకరు చనిపోయారు.

కోబాల్ట్-60 శక్తి 5.27 ఏళ్లకోసారి సగానికి సగం తగ్గుతుంది. నలభై ఏళ్ల తర్వాత ఆ యంత్రంలో మిగిలింది కొన్ననాటి శక్తిలో సుమారు రెండు వందల వంతులో ఒక వంతు. ఆ మిగిలిందే మనిషిని చంపింది.

ఇంకో లెక్క కూడా వేసుకోండి. మన అణు ఇంధన నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ, ఏర్పడింది 1983 నవంబర్ 15న. ఆ యంత్రం దేశంలోకి వచ్చింది అంతకు ఎంతో ముందు. నియంత్రణ సంస్థ పుట్టకముందే వచ్చిన సోర్స్ దాని పుస్తకాల్లోకి తనంతట తాను ఎక్కదు. ఎవరో వెనక్కి వెళ్లి ప్రతి పాత ల్యాబ్ తలుపూ తట్టాలి. విశాఖలో కూడా 1983కి ముందు నుంచీ నడుస్తున్న కళాశాలలు, ఆసుపత్రులు, ఫ్యాక్టరీలు ఉన్నాయి. వాటి స్టోర్ రూముల్లో తాళం తీయని బీరువా ఏదైనా ఉంటే, వేలానికి ముందు రేడియేషన్ మీటర్‌తో ఒక్కసారి కొలిపించడానికి ఒక పూట పడుతుంది. చాలాచోట్ల ఆ ఒక్క పూట కేటాయించరు. ఈ నిర్లక్ష్యమే మమ్మల్ని అన్నింటికంటే ఎక్కువ బాధపెడుతోంది.

మేం రొయ్యల రైతులం. మాకు దీంతో సంబంధం ఉందా?

ఉంది, అదీ చాలా దగ్గరగా. 2025 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ఇండోనేషియా నుంచి వచ్చిన రొయ్యల్లో సీసియం-137 ఉందని హెచ్చరించింది. అమెరికా పోర్టుల్లో కంటైనర్లు తనిఖీ చేస్తుండగా ఇది దొరికింది. ఒక నమూనాలో కిలోకు సుమారు 68 బెక్వెరెల్ (రేడియోధార్మికతను కొలిచే యూనిట్) వచ్చింది. అమెరికా పెట్టుకున్న హెచ్చరిక పరిమితి 1200. అంటే తిన్నవాళ్లు వెంటనే జబ్బుపడే స్థాయికి అది చాలా దూరం. అయినా సరుకు వెనక్కి పిలిచారు, దుకాణాల నుంచి తీసేశారు, ఆ కంపెనీ ఎగుమతి ఆగిపోయింది.

ఆరా తీస్తే తేలింది ఏమిటంటే, కారణం చెరువులో లేదు, మేతలో లేదు. బాంటెన్ రాష్ట్రం చికాండే పారిశ్రామికవాడలో తుక్కు కరిగించే ఒక ఫ్యాక్టరీ నుంచి సీసియం గాల్లో కలిసి చుట్టుపక్కల పడింది. ఇండోనేషియా ప్రభుత్వం ప్రత్యేక బృందాన్ని వేసింది, తుక్కు దిగుమతిపై ఆంక్షలు పెట్టింది, శుభ్రం చేసే పని మొదలుపెట్టింది. అమెరికా ఆ ప్రాంతాల రొయ్యలకు, మసాలా దినుసులకు ప్రత్యేక ధ్రువపత్రం అడగడం మొదలుపెట్టింది.

ఇప్పుడు మన ఊరి పటం చూడండి. ఉక్కు, తుక్కు, రొయ్యల ప్రాసెసింగ్, పోర్టు, అన్నీ ఒకే తీరంలో ఉన్నాయి. సముద్ర ఉత్పత్తుల ఎగుమతిలో దేశంలో ముందు వరసలో ఉన్నది విశాఖ పోర్టే. పాత ఇనుము కొట్టులో జరిగిన పొరపాటుకు భీమవరం రైతు ధర కోల్పోయే పరిస్థితి ఊహాగానం కాదని ఇండోనేషియా చూపించింది. అందుకే ఎగుమతిదారుల సంఘాలు తుక్కు కరిగించే కొలిముల దగ్గర డిటెక్టర్ల గురించి కూడా ప్రభుత్వాన్ని అడగాలి. అది తమ పని కాదనుకుంటే నష్టం తమదే.

వియన్నాలోని అణు ఇంధన సంస్థకు మన మీద అధికారం ఉందా?

1957లో ఏర్పడిన ఈ సంస్థలో ఇండియా మొదటి నుంచీ సభ్యదేశం. సోర్సుల భద్రత విషయంలో దానికి పోలీసు అధికారం లేదు. బాధ్యత ఏ దేశానికి ఆ దేశానిదే. ప్రమాణాలు రాయడం, శిక్షణ ఇవ్వడం, అడిగిన దేశానికి నిపుణులను పంపడం, దేశాలు చెప్పిన దొంగతనాలను, పోగొట్టుకున్న సోర్సులను లెక్క కట్టడం దాని పని. 1995 నుంచి నడుస్తున్న ఆ లెక్కల పుస్తకంలో ఇప్పటికి 4 వేలకు పైగా ఘటనలు నమోదయ్యాయి. ఎక్కువ భాగం దొంగల ముఠాల కథలు కావు. పోయినవి, అనుకోకుండా దొరికినవి, తుక్కులో కలిసినవి.

ఇండియా సంతకం పెట్టిన ఒప్పందాలు ఏవి?

ముఖ్యమైనవి చెబుతాం. అణు పదార్థాల భౌతిక రక్షణ ఒప్పందం 1987లో అమల్లోకి వచ్చింది. ఇండియా 2002లో చేరింది. మొదట్లో అది ప్రధానంగా దేశం దాటి రవాణా అయ్యే సరుకు గురించే ఉండేది. 2005లో చేసిన సవరణ దేశం లోపల ఉన్న కేంద్రాలనూ అందులోకి తెచ్చింది. ఇండియా 2007లోనే సవరణను ఆమోదించింది గానీ, సరిపడినన్ని దేశాలు ముందుకు రావడానికి మరో తొమ్మిదేళ్లు పట్టింది. అది 2016 మే 8న అమల్లోకి వచ్చింది. దౌత్యం ఎంత నెమ్మదిగా నడుస్తుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

అణు ఉగ్రవాద చర్యల నిరోధక ఒప్పందం 2005లో ఐక్యరాజ్య సమితిలో ఆమోదం పొంది 2007లో అమలైంది. రేడియోధార్మిక పదార్థంతో బెదిరించడాన్ని కూడా అది నేరంగా చూస్తుంది. 2004లో భద్రతా మండలి చేసిన 1540వ తీర్మానం ఇలాంటి సరుకు ప్రభుత్వేతర శక్తుల చేతికి చిక్కకుండా ప్రతి దేశమూ చట్టం చేయాలని చెప్పింది. మన పార్లమెంటు 2005లో సామూహిక విధ్వంసక ఆయుధాల చట్టం తెచ్చింది. 2022లో దాన్ని సవరించి అలాంటి పనులకు డబ్బు సమకూర్చడాన్నీ నిషేధించింది.

2010 నుంచి 2016 వరకు అణు భద్రతా శిఖరాగ్ర సమావేశాలు నాలుగు జరిగాయి: వాషింగ్టన్, సియోల్, హేగ్, మళ్లీ వాషింగ్టన్. మొదటి సమావేశంలో ఇండియా ప్రకటించిన అణు ఇంధన భాగస్వామ్య కేంద్రం హర్యానాలో ఉంది. ఆ సమావేశాలు ఆగిపోవడం నష్టమే. దేశాధినేతలు ఒకే గదిలో కూర్చుంటే అధికారులకు గడువులు పడతాయి. ఆ ఒత్తిడి ఇప్పుడు లేదు.

తప్పనిసరి కాని నియమావళి వల్ల ఉపయోగం ఏముంది?

2003లో అంతర్జాతీయ అణు ఇంధన సంస్థ బోర్డు సోర్సుల భద్రతపై ఒక ప్రవర్తనా నియమావళిని ఆమోదించింది. ఇది చట్టపరంగా ఎవరినీ కట్టిపడేయదు. చూడటానికి బలహీనంగానే ఉంటుంది. కానీ ఆచరణలో గట్టిగా పనిచేసింది. ప్రతి దేశమూ సోర్సుల జాతీయ రిజిస్టరు పెట్టుకోవాలని, కొనేవాడికి లైసెన్సు ఉందో లేదో అమ్మే దేశం చూసుకోవాలని, ఓడ ఎక్కించే ముందు దిగుమతి దేశానికి కబురు పెట్టాలని, ఒకటో వర్గం సోర్స్ అయితే ఆ దేశం సమ్మతి కూడా తీసుకోవాలని చెబుతుంది. పెద్ద అమ్మకందారు దేశాలు దీన్ని పాటిస్తే కొనే దేశాలు తమంతట తామే లైసెన్సు వ్యవస్థ సరిచేసుకుంటాయి. లేకపోతే సరుకు రాదు కదా.

పని అయిపోయిన సోర్సుల నిర్వహణపై 2017లో అదనపు మార్గదర్శకాలు వచ్చాయి. మా దృష్టిలో ఇదే అసలు కీలకం. కొత్త సోర్స్ మీద అందరికీ శ్రద్ధ ఉంటుంది, దానికి డబ్బు పెట్టారు కాబట్టి. పాతది తిరిగి పంపాలంటే మళ్లీ డబ్బు కావాలి. మన దేశంలో సోర్స్ దిగుమతికి అనుమతి అడిగేటప్పుడే, జీవితకాలం ముగిశాక దాన్ని వెనక్కి తీసుకుంటామని అమ్మేవాళ్ల దగ్గర హామీ తీసుకోవాలి. దేశీయంగా సోర్సులు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్రిట్ పాతవాటిని వెనక్కి తీసుకుంటుంది. అమ్మిన కంపెనీ మూతపడితే అప్పుడు ప్రభుత్వాల మధ్య మాటలే దిక్కు.

రెండు దేశాలకు పడనప్పుడు ఈ పద్ధతి నడుస్తుందా?

కొంతవరకు నడుస్తుంది. ఇండియా, పాకిస్తాన్ ఒకరి అణు కేంద్రాలపై ఒకరు దాడి చేయకూడదని 1988 డిసెంబర్ 31న ఒప్పందం చేసుకున్నాయి. 1992 నుంచి ప్రతి జనవరి 1న తమ కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ తర్వాత జనవరిలో ఇచ్చుకున్నాయి, పుల్వామా తర్వాత జనవరిలోనూ ఇచ్చుకున్నాయి.

సోర్సుల విషయంలో మాకు బాగా నచ్చే ఉదాహరణ నార్వే, రష్యాలది. సోవియట్ కాలంలో ఆర్కిటిక్ తీరం పొడవునా లైట్‌హౌస్‌లకు కరెంటు కోసం స్ట్రాన్షియం-90తో నడిచే జనరేటర్లు పెట్టారు. దేశం విడిపోయాక వాటికి కాపలా లేదు. లోహం కోసం కొందరు వాటిని విప్పేశారు కూడా. పొరుగున ఉన్న నార్వే డబ్బు పెట్టి, రష్యాతో మాట్లాడి, 2009 నాటికి వాయవ్య రష్యా తీరంలో సుమారు 180 జనరేటర్లను తీయించి చాలాచోట్ల సౌర ఫలకాలు పెట్టించింది. డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ చూస్తూ పెరిగిన మనకు ఆ చిత్రం సులువుగానే కళ్లకు కడుతుంది.

సమయానికి తీయకపోతే ఏమవుతుందో జార్జియా దేశంలో కనపడింది. 2001 డిసెంబర్‌లో లియా అనే ఊరి దగ్గర అడవిలో కట్టెలకు వెళ్లిన ముగ్గురికి ఇలాంటి జనరేటర్ల సోర్సులు రెండు దొరికాయి. మంచులో వెచ్చగా ఉన్నాయని రాత్రంతా వాటి పక్కనే పడుకున్నారు. ముగ్గురికీ రేడియేషన్ దెబ్బ తగిలింది, ఇద్దరికి ఘోరంగా కాలిన గాయాలయ్యాయి. వైద్యం కోసం ఆ ఇద్దరినీ విదేశాలకు పంపాల్సి వచ్చింది. ఒకరు రెండేళ్లకు పైగా నరకం అనుభవించి 2004లో చనిపోయారు. ఆ ఏర్పాట్లన్నీ అంతర్జాతీయ సహాయ ఒప్పందం కింద జరిగాయి. చెర్నోబిల్ తర్వాత 1986లో దేశాలు రాసుకున్న ఒప్పందం అది.

ఇండియా అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం (ఎన్‌పీటీ)పై సంతకం పెట్టలేదు కదా, మన మాట ఎవరు వింటారు?

ఆ ఒప్పందం అణ్వాయుధాల వ్యాప్తి గురించి. సోర్సుల భద్రత వేరే దారి. 2008లో అణు సరుకు అమ్మే దేశాల బృందం మనకు మినహాయింపు ఇచ్చాక, 2014లో వియన్నా సంస్థతో తనిఖీలపై అదనపు ప్రోటోకాల్ అమల్లోకి వచ్చాక మన పౌర కేంద్రాలపై అంతర్జాతీయ తనిఖీ విస్తరించింది కూడా.

ఏఈఆర్‌బీ స్వతంత్ర సంస్థేనా?

ఇది చాలా కాలంగా నలుగుతున్న ప్రశ్న. 1962 అణు ఇంధన చట్టం కింద ప్రభుత్వ ఉత్తర్వుతో ఏర్పడిన ఈ మండలి నివేదిస్తూ వచ్చింది అణు ఇంధన కమిషన్‌కు. అణు కేంద్రాలు నడిపే విభాగం అధిపతే ఆ కమిషన్‌కూ అధ్యక్షులు. 2011లో స్వతంత్ర నియంత్రణ సంస్థ కోసం లోక్‌సభలో బిల్లు పెట్టారు, అది పాస్ కాకుండానే సభ కాలం తీరింది. 2012లో కాగ్ నివేదిక ఈ లోపాన్ని గట్టిగానే ఎత్తిచూపింది. 2015లో వచ్చిన అంతర్జాతీయ సమీక్ష బృందం కూడా చట్టబద్ధ స్వతంత్రత కావాలనే చెప్పింది. 2025 డిసెంబర్‌లో పార్లమెంటు పాత చట్టం స్థానంలో 'శాంతి' చట్టాన్ని ఆమోదించింది. మండలికి చట్టబద్ధ హోదా అందులో ఉంది. ప్రైవేటు కంపెనీలకు అణు విద్యుత్తులో తలుపులు తెరిచిన చట్టం కూడా అదే కాబట్టి, తనిఖీ చేసేవాళ్ల సంఖ్య, నిధులు ఆ మేరకు పెరుగుతాయా అన్నది జనం పట్టుబట్టి అడగాల్సిన విషయం.

విశాఖవాసులు ఇంకొకటి తెలుసుకోవాలి. 2000 నుంచి బార్క్ కేంద్రాలు ఏఈఆర్‌బీ పరిధిలో లేవు, వాటికి సొంత భద్రతా మండలి ఉంది. 2009లో ఇక్కడే జలప్రవేశం చేసిన అరిహంత్ వంటి వ్యూహాత్మక నౌకల వ్యవహారం కూడా పౌర నియంత్రణకు బయటే. దేశ రక్షణకు రహస్యం అవసరమే. అయినా నగర అత్యవసర ప్రణాళికలో జనం ఏం చేయాలో రాయడానికి ఆ రహస్యం అడ్డు రాదు.

పోర్టులో దిగే తుక్కు కంటైనర్లను చూస్తారా?

విదేశీ వాణిజ్య విధానం ప్రకారం లోహపు తుక్కు దిగుమతి నిర్ణీత పోర్టుల్లోనే జరగాలి. విశాఖ వాటిలో ఒకటి. ఆ పోర్టుల్లో రేడియేషన్ పోర్టల్ మానిటర్లు ఉండాలన్నది నిబంధన. కంటైనర్ లారీ రెండు స్తంభాల మధ్య నుంచి వెళ్తుంది, రేడియేషన్ ఉంటే అలారం మోగుతుంది. టైల్స్, ఎరువులు, అరటిపళ్ల వంటి వాటిలో సహజంగా ఉండే కొద్దిపాటి రేడియేషన్‌కు కూడా అది మోగొచ్చు. అలాంటి అలారాలు పదే పదే వస్తుంటే సిబ్బందికి విసుగొస్తుంది. యంత్రం కొనడం సులువు. మోగిన ప్రతిసారీ లారీ ఆపి చేతి మీటర్‌తో చూసే ఓపిక ఉన్న మనిషిని మూడు షిఫ్టుల్లోనూ నిలబెట్టడమే కష్టం.

కవచం లోపల ఉన్న సోర్సును స్తంభాలు పట్టలేకపోవచ్చు. అందుకే కొలిమి గేటు దగ్గర రెండో తనిఖీ అవసరం.

భీమిలి ఇసుకలో మోనజైట్ ఉందంటారు. అదీ ప్రమాదమేనా?

మోనజైట్‌లో థోరియం ఉంటుంది, అందుకే అది అణు ఖనిజం. లైసెన్సు లేకుండా తవ్వడం, ఎగుమతి చేయడం నేరం. బీచ్‌లో నడిచేవారికి దానివల్ల భయపడాల్సింది ఏమీ లేదు. అక్కడి సమస్య ఖనిజ దోపిడీ, పర్యావరణం.

'డర్టీ బాంబ్' గురించి వింటే టెన్షన్‌గా ఉంటుంది. నిజంగా జరిగిందా?

మామూలు పేలుడు పదార్థానికి రేడియోధార్మిక పదార్థం కలిపి పేల్చడాన్ని అలా అంటారు. అలాంటి బాంబును జనం మధ్య పేల్చిన ఘటన ఇప్పటివరకు ఎక్కడా లేదు. 1995లో మాస్కోలోని ఇజ్మైలోవో పార్కులో చెచెన్ వేర్పాటువాదులు సీసియం డబ్బా పెట్టి టీవీ వాళ్లకు చెప్పారు, పేల్చలేదు. అలాంటిది జరిగినా ఎక్కువ ప్రాణనష్టం పేలుడు వల్లే. రేడియేషన్ వల్ల ఎక్కువగా మిగిలేది భయం, ఖాళీ అయిన వీధులు, ఏళ్ల తరబడి సాగే శుభ్రత. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో బాంబే లేదు. వదిలేసిన క్లినిక్ నుంచి తెచ్చిన సీసియం పొడి చేతులు మారింది, అంతే. నలుగురు చనిపోయారు, లక్షా 12 వేల మందిని పరీక్షించాల్సి వచ్చింది.

సీసియం క్లోరైడ్ పొడి రూపంలో ఉండటమే అక్కడ కొంప ముంచింది. రోగికి ఎక్కించే ముందు రక్తానికి రేడియేషన్ ఇచ్చే యంత్రాల్లో సీసియం బదులు ఎక్స్‌రే వాడే విధానానికి ఫ్రాన్స్, నార్వే మారిపోయాయి. క్యాన్సర్ వైద్యంలో కోబాల్ట్ స్థానంలోకి లీనియర్ యాక్సిలరేటర్లు వస్తున్నాయి. వాటిలో సోర్స్ ఉండదు, కరెంటు తీస్తే రేడియేషన్ ఉండదు. కాకపోతే ఖరీదు ఎక్కువ, కరెంటు నిలకడగా ఉండాలి, ఇంజినీరు దగ్గర్లో ఉండాలి. అన్ని ఊళ్లకూ ఇవి అందేదాకా కోబాల్ట్ యంత్రాన్ని తీసేయమనడం రోగికి అన్యాయం.

మా అబ్బాయి రేడియోగ్రఫీ పనికి వెళ్తున్నాడు. ఏం చూసుకోవాలి?

ఒంటిపై పడిన రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి అతని పేరు మీద ఉండాలి, వేరేవాళ్లది పెట్టుకోకూడదు. సైట్లో సర్వే మీటర్ పనిచేస్తూ ఉండాలి, తాడు కట్టి హెచ్చరిక బోర్డు పెట్టాలి, సర్టిఫికెట్ ఉన్న రేడియోగ్రాఫరే సోర్స్ కెమెరా తిప్పాలి. ఉద్యోగి ఒంటికి తగిలే డోసు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్ (డోసును కొలిచే యూనిట్), ఏ ఒక్క ఏడాదిలోనూ 30కి మించకూడదు. సామాన్య జనానికి ఏడాదికి 1. తన డోసు ఎంతో అడిగి తెలుసుకునే హక్కు అతనికి ఉంది. 'బ్యాడ్జి ఆఫీసులో ఉంది బాబూ, తర్వాత చూద్దాం' అంటే ఆ రోజు పని చేయొద్దని చెప్పండి.

తుక్కులో అనుమానంగా ఏదైనా కనిపిస్తే?

పసుపు మీద మూడు రెక్కల గుర్తు గానీ, ఎర్ర త్రికోణంలో పుర్రె, పరుగెత్తే మనిషి బొమ్మ గానీ ఉంటే ముట్టుకోవద్దు. ఆ ఎర్ర బొమ్మను 2007లో చదువురాని వాళ్లకూ అర్థమయ్యేలా తయారుచేశారు. సైజుకు మించి బరువున్న సీసపు డబ్బాను, గుర్తు లేకపోయినా, కోయొద్దు, కరిగించొద్దు, ఇంటికి తీసుకెళ్లొద్దు. అందరినీ దూరంగా పంపి 112కు ఫోన్ చేయండి. పట్టుకున్నవాళ్లు ఉంటే వారి పేర్లు రాసి పెట్టండి, డాక్టర్‌కు అవసరం.

చెబితే మా మీదే కేసు పెడతారేమో?

గాజువాక, ఆటోనగర్ వైపు వ్యాపారుల భయం ఇదే. సోర్స్ బాధ్యత చట్టప్రకారం లైసెన్సు ఉన్న అసలు యజమానిది. మాయాపురిలో తుక్కు కొన్నవాళ్లు బాధితులు. అయినా పోలీసులు, సీజ్, రోజుల తరబడి షట్టర్ దించడం గుర్తొస్తే ఎవరికైనా నోరు మెదపాలనిపించదు.

స్పెయిన్ దీనికి ఒక దారి చూపింది. 1998 మేలో ఆల్హెసీరాస్ దగ్గర ఉక్కు ఫ్యాక్టరీలో ఒక సీసియం సోర్స్ తుక్కుతో పాటు కరిగిపోయింది. ఆ జాడ ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ దాకా గాల్లో కనపడింది. మరుసటి ఏడాది ప్రభుత్వం, నియంత్రణ సంస్థ, ఉక్కు కంపెనీలు, తుక్కు వ్యాపారులు కలిసి ఒక ప్రోటోకాల్ రాసుకున్నారు. చేరడం స్వచ్ఛందం. చేరినవాళ్లు గేటు దగ్గర డిటెక్టర్ పెట్టాలి, దొరికినదాన్ని చెప్పాలి. చెప్పగానే దాన్ని తీసుకెళ్లే బాధ్యత ప్రభుత్వ వ్యర్థాల సంస్థది. విశాఖలో ఉక్కు కంపెనీలు, పోర్టు, తుక్కు సంఘాలు, ఏఈఆర్‌బీ కూర్చుని ఇలాంటిదే రాసుకోవచ్చు. అందులో మొదటి వాక్యం 'దొరికిందని చెప్పినవారిపై కేసు ఉండదు' అని ఉండాలి. దాన్ని తెలుగులో పెద్ద అక్షరాలతో ప్రతి కాటా దగ్గరా అతికించాలి.